బొలేరో వెనక స్టెప్నీ: కొంటా దారుల్లో ఆ అయిదో చక్రం ఎందుకంత ముఖ్యం? దాని బరువు ఎవరు మోస్తారు?

ఛత్తీస్‌గఢ్‌లోని సుకమా జిల్లాలో దక్షిణపు కొసన ఉన్న ఊరు కొంటా. పక్కనే శబరి నది. ఒకవైపు ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా, ఇంకోవైపు ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. బజారులో హిందీ ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. ఊళ్లలోకి వెళ్తే దోర్లా, గోండీ. అయితే భాష ఏదైనా, జీపు వెనక బిగించిన ఆ అదనపు చక్రాన్ని అందరూ పిలిచే పేరు ఒక్కటే: స్టెప్నీ.

జగదల్‌పుర్ నుంచి సుకమా, దోర్నపాల్, ఎర్రబోరు మీదుగా కొంటా వచ్చి, అక్కడి నుంచి చింతూరు, భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారే ఈ ప్రాంతానికి ప్రధాన ఆధారం. పాత లెక్కలో అది 221. సుకమా నుంచి కొంటాకు సుమారు 80 కిలోమీటర్లు. హైవే మీద టైరు పోతే ఫర్వాలేదు, ఏ లారీ డ్రైవరో ఆగుతాడు, కాస్త ముందో వెనకో పంచర్ షాపు ఉంటుంది. హైవే దిగి గొల్లపల్లి, కిష్టారం, మరాయిగూడ వైపు తిరిగితే పరిస్థితి వేరు. ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. చీకటి పడ్డాక ఆ దారుల్లో ఆగడం ఎవరికీ ఇష్టం ఉండదు. రెండు దశాబ్దాలుగా మందుపాతరలు, రోడ్డు తవ్వేయడాలు చూసిన ప్రాంతమిది. 2018 మార్చి 13న కిష్టారం దగ్గర మందుపాతర నిరోధక వాహనాన్నే పేల్చేసిన ఘటనలో తొమ్మిది మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. అలాంటి చోట బండి ఎంతసేపు ఆగింది అన్నది చిన్న విషయం కాదు.

అందుకే ఇక్కడ బండి బయల్దేరే ముందు డ్రైవరు చూసుకునేవాటిలో స్టెప్నీ ఒకటి. ఉందా లేదా అన్నదే కాదు, గాలి ఉందా, నట్లు బిగువుగా ఉన్నాయా, జాకీ, వీల్ పానా సీటు కింద ఉన్నాయా అన్నది కూడా.

అసలు ఈ అయిదో చక్రం బండి వెనకే ఎందుకు వేలాడుతోంది? కార్లలో డిక్కీలోనో, అడుగునో దాక్కున్న చక్రం జీపుల్లో మాత్రం బయటికి ఎందుకు వచ్చింది? అలా ఉండటం వల్ల లాభమెంత, నష్టమెంత?

వేల్స్‌లోని ఒక వీధి పేరు

ముందు పేరు సంగతి. తొలినాటి మోటారు కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. చక్రాలు ఊడదీయడానికి వీలుగా కూడా ఉండేవి కావు. టైరు పోతే దారి పక్కన కూర్చుని, రిమ్ము మీద నుంచి టైరు లాగి, ట్యూబుకు అతుకు వేసి, మళ్లీ ఎక్కించి, చేత్తో గాలి కొట్టాలి. అప్పటి రోడ్ల మీద గుర్రపు నాడాల మేకులకు కొదవ లేదు.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెల్లి అనే పట్టణం ఉంది. అక్కడి స్టెప్నీ వీధిలో ఇనుప సామాన్ల వ్యాపారం చేసే థామస్ మోరిస్ డేవీస్ 1904లో ఈ బాధకు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని ఒక రిమ్ము, దాని మీద ముందే గాలి నింపిన టైరు. పంచర్ అయిన చక్రాన్ని తీయక్కర్లేదు, దాని పక్కనే దీన్ని క్లాంపులతో బిగించేస్తే చాలు, బండి కదులుతుంది. ఆయన, ఆయన సోదరుడు వాల్టర్ కలిసి దాన్ని వీధి పేరుతోనే అమ్మారు. బ్రిటిష్ సామ్రాజ్యం వెళ్లిన చోటికల్లా స్టెప్నీ వెళ్లింది.

ఊడదీసే చక్రాలు వచ్చాక ఆ పరికరం మూలనపడింది. ఇంగ్లండ్‌లో ఆ మాట కూడా దాదాపుగా పోయింది. భారత్, బంగ్లాదేశ్, మాల్టాల్లో మాత్రం నిలిచిపోయింది. బ్రెజిల్‌లోని పోర్చుగీసు భాషలో అదనపు చక్రాన్ని ‘ఎస్టెపే’ అంటారు, అదీ ఇదే మూలం. లనెల్లిలోని ఒక వీధి పేరు శబరి ఒడ్డున పంచర్ షాపులో రోజూ పలుకుతోందన్న సంగతి, బహుశా లనెల్లి వాళ్లకే తెలియదు.

తలుపు కావాలంటే చక్రం ఎటు పోవాలి?

జీపు వెనక చక్రం అనే రూపం రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చింది. 1941 నుంచి అమెరికా సైన్యం కోసం తయారైన విల్లిస్ ఎంబీ జీపుకు వెనక తలుపే లేదు. వెనకంతా ఒక రేకు గోడ. ఆ గోడకు బయటివైపు స్పేర్ చక్రం, దాని పక్కన పెట్రోలు డబ్బా. సైన్యానికి అది చాలు, ఎక్కేవాళ్లు పక్క నుంచి దూకి ఎక్కుతారు.

యుద్ధం ముగిశాక అదే జీపును రైతులకు అమ్మాలనుకున్నారు. 1945లో వచ్చిన సీజే-2ఏ మోడల్‌లో సామాను ఎక్కించడానికి వెనక తలుపు పెట్టారు. అంతే, చక్రం ఉండాల్సిన చోటు పోయింది. దాన్ని తీసి బండి పక్క గోడకు తగిలించారు. స్టెప్నీ కథలో ఉన్న చిక్కంతా ఈ ఒక్క మార్పులో కనిపిస్తుంది. వెనక భాగం చక్రానికీ కావాలి, తలుపుకూ కావాలి. రెండూ కావాలంటే తలుపు మీదే చక్రాన్ని వేలాడదీయాలి. అప్పుడు ఆ బరువంతా తలుపు కీళ్ల మీద పడుతుంది. తర్వాతి కాలంలో చాలా కంపెనీలు ఎంచుకున్నది ఈ మూడో దారే.

మహీంద్రా 1947లో బొంబాయిలో విల్లిస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. ఆ వంశంలోనే 2000లో బొలేరో, 2010లో థార్ వచ్చాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా, వీటన్నిటికీ స్టెప్నీ వెనకే. అదే మహీంద్రా 2002లో తెచ్చిన స్కార్పియోకు మాత్రం చక్రం అడుగున ఉంటుంది. అంటే ఇది సంప్రదాయం మాత్రమే కాదు, ప్రతిసారీ ఎవరో కూర్చుని తేల్చుకున్న లెక్క.

అడుగున పెడితే ఏమవుతుంది?

చక్రం పెట్టడానికి బండిలో ఉన్న చోట్లు మహా అయితే అయిదు: అడుగున, లోపల, టాపు మీద, బానెట్ మీద, వెనక.

అడుగున పెడితే బయటికి కనిపించదు, వెనక అద్దానికి అడ్డం రాదు, తలుపు తేలిగ్గా ఉంటుంది. పట్నంలో తిరిగే బండికి ఇంతకన్నా మంచి చోటు లేదు. కానీ వెనక బంపరుకు, నేలకు మధ్య ఉన్న ఖాళీని అది తినేస్తుంది. వాగులోకి దిగి అవతలి గట్టు ఎక్కేటప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది, తోక కిందికి వంగుతుంది. ఆ క్షణంలో వెనక ఏదీ నేలకు తగలకుండా ఎంత నిటారు గట్టు ఎక్కగలదన్న లెక్కను డిపార్చర్ యాంగిల్ అంటారు. 2020 థార్‌కు అది 36.8 డిగ్రీలు. అడుగున చక్రం వేలాడితే ఆ కోణం తగ్గిపోతుంది. ముందు గట్టును గుద్దుకునేది ఆ చక్రమే.

రెండో సమస్య తీయడం. అడుగున ఉన్న చక్రాన్ని సాధారణంగా ఒక ఇనుప తాడు పట్టి ఉంచుతుంది. పొడవాటి కడ్డీతో తిప్పితే కిందికి దిగుతుంది. వానాకాలమంతా ఎర్రమట్టి, బురద పట్టి, ఆ మర తుప్పెక్కితే కడ్డీ తిరగదు. తిరిగినా, వెనక టైరు పోయి బండి ఇరుసు దాకా బురదలో కూర్చుంటే కింద దూరేందుకు చోటే ఉండదు. స్టెప్నీ ఉండీ లేనట్టే. నెలల తరబడి కంటికి కనిపించదు కాబట్టి అందులో గాలి ఉందో లేదో కూడా ఆ రోజే తెలుస్తుంది.

లోపల పెడితే ఇద్దరు మనుషుల చోటు పోతుంది. షేరింగ్ జీపు నడిపేవాళ్లు ఆ మాట వినడానికి కూడా ఇష్టపడరు. టాపు మీద పెడితే 30 కిలోల బరువు బండిలో అన్నిటికన్నా ఎత్తున చేరుతుంది. గతుకుల్లో బండి ఊగుడు పెరుగుతుంది, బోల్తా పడే అవకాశమూ పెరుగుతుంది. పైగా బురదలో నిలబడి అంత బరువును తలకన్నా ఎత్తు నుంచి దించాలి. పాత ల్యాండ్ రోవర్లలో కొన్నిటికి బానెట్ మీద ఉండేది. చూడటానికి దర్జాగానే ఉంటుంది కానీ ముందున్న గొయ్యి కనపడదు.

ఇక మిగిలింది వెనక. నడుము ఎత్తున ఉంటుంది, కంటికి కనిపిస్తూ ఉంటుంది, నట్లు విప్పితే ఒక్క మనిషి కూడా దించుకోగలడు. బండి ఎంత లోతు బురదలో ఉన్నా అది పైనే ఉంటుంది. కొంటా చుట్టుపక్కల నడిచే బండికి ఇదొక్కటే చాలినంత కారణం.

తలుపు కీళ్ల మీద పడే భారం

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. బొలేరోకు వేసే 215/75 ఆర్15 టైరు ఎత్తు లెక్క కడితే సుమారు 70 సెంటీమీటర్లు వస్తుంది. ఇనుప రిమ్ముతో కలిపి ఇలాంటి చక్రం బరువు 25 కిలోల పైమాటే. లెక్క సులువుగా ఉండటానికి 30 అనుకుందాం.

చక్రం మధ్యభాగం తలుపు కీళ్ల నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో, కింది కీలుకు పై కీలుకు మధ్య 40 సెంటీమీటర్లు ఉన్న తలుపును ఊహించుకోండి. ఆ తలుపు తెరిచినప్పుడు పై కీలును బయటికి లాగే బలం 30ని 60తో హెచ్చించి 40తో భాగిస్తే వస్తుంది, అంటే 45 కిలోలు. బండి నిలబడి ఉన్నప్పటి మాట ఇది. గొయ్యిలో పడి లేచినప్పుడు కుదుపు మూడు రెట్లు అనుకుంటే అది 135 కిలోలు. తలుపు మూసి ఉన్నప్పుడు రెండో వైపు గొళ్లెం, రబ్బరు దిమ్మలు ఆ భారంలో వాటా తీసుకుంటాయి. అందుకే గొళ్లెం వదులైన బండిలో కీళ్లు త్వరగా పోతాయి. గతుకులో వెనక నుంచి ‘టక్ టక్’ మని వినిపించే చప్పుడు చాలాసార్లు అదే. రబ్బరు దిమ్మ అరిగిందని చెప్పే ఆ చప్పుడును పట్టించుకోకుండా తిప్పితే, తర్వాత రేకు చీలుతుంది.

కంపెనీ ఇచ్చిన చక్రానికి కంపెనీ ఇచ్చిన కీళ్లు సరిపోతాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇంకా లావు టైర్లు, వెడల్పు రిమ్ములు వేయించుకున్నప్పుడు. అప్పుడు ఒక్కో చక్రం 40 కిలోలు దాటొచ్చు. విదేశాల్లో ఆఫ్‌రోడ్ సరదా ఉన్నవాళ్లు దీనికి వేరే ఏర్పాటు చేసుకుంటారు. చక్రాన్ని తలుపు మీద కాకుండా, చాసిస్‌కు బిగించిన ఇనుప చేయి మీద వేలాడదీస్తారు. ముందు ఆ చేయిని పక్కకు తిప్పి, తర్వాత తలుపు తెరవాలి. తలుపుకు బరువు తప్పుతుంది, బండికి ఇంకో పాతిక ముప్పై కిలోల ఇనుము తోడవుతుంది.

భారత్‌లో అది అంత సులువు కాదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. బండి ముందు బిగించే ఇనుప గార్డుల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. వెల్డింగ్ షాపులో చేయించిన స్టెప్నీ స్టాండు బ్రేకు లైటునో, నంబరు ప్లేటునో కప్పేస్తే పోలీసులు ఆపడానికి అదొక్కటే చాలు.

ముందు చక్రాలు తేలికైతే

తలుపు సంగతి అలా ఉంచితే, బండి మొత్తం మీద పడే ప్రభావం ఇంకోటి ఉంది. వెనక ఇరుసుకు అవతల వేలాడే ఏ బరువైనా తూనిక కట్టెలా పనిచేస్తుంది. వెనక ఇరుసు మీద తన బరువు కన్నా ఎక్కువ మోపుతుంది, ముందు ఇరుసు మీది బరువును కొంత ఎత్తేస్తుంది.

బొలేరో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.68 మీటర్లు. వెనక ఇరుసు నుంచి మీటరు దూరంలో 30 కిలోల చక్రం ఉందనుకుంటే, ముందు చక్రాల మీద దాదాపు 11 కిలోలు తగ్గి, వెనక 41 కిలోలు పెరుగుతాయి. ఇది పెద్ద లెక్కేమీ కాదు. బండిని తయారుచేసినవాళ్లు దీన్ని ముందే చూసుకుని స్ప్రింగులు పెడతారు.

అసలు ప్రమాదం ఆ చక్రాన్ని పట్టుకుని వేలాడేవాళ్లతో మొదలవుతుంది. సంత రోజున, మిర్చి కోతలకు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల వైపు కూలీలు వెళ్లే కాలంలో, బస్సులు తక్కువగా ఉండే ఏ అటవీ ప్రాంతంలోనైనా కనిపించే దృశ్యమే ఇది. లోపల కిక్కిరిసి, టాపు మీద మూటలు, మనుషులు, వెనక బంపరు మీద కాళ్లు పెట్టి స్టెప్నీని కౌగిలించుకుని ఇద్దరు. 60 కిలోల చొప్పున ఆ ఇద్దరిని పై లెక్కలో కలపండి. ముందు చక్రాల మీద ఇంకో 45 కిలోలు తగ్గుతాయి, వెనక 165 పెరుగుతాయి. చక్రంతో కలిపితే ముందు 56 తక్కువ, వెనక 206 ఎక్కువ. ఇందులో టాపు మీదివాళ్లను కలపలేదు.

స్టీరింగు తిప్పేది ముందు చక్రాలతో, బ్రేకు వేస్తే ఎక్కువ పని చేసేదీ ముందు చక్రాలే. అవి తేలికైతే తడి రోడ్డు మీద మలుపులో బండి చెప్పిన మాట వినదు. ఇంకోవైపు, తలుపు కీళ్లు, స్టెప్నీ బోల్టులు మోయాల్సింది 30 కిలోలు. వాటిని పట్టుకుని మనిషి వెనక్కి వాలితే ఆ భారం కొన్ని రెట్లు పెరుగుతుంది. వెనక నుంచి ఇంకో బండి తగిలితే మధ్యలో ఉండేది ఆ మనిషే.

బండి శరీరం లోపల కాకుండా బయట, టాపు మీద, బానెట్ మీద మనుషులను ఎక్కించుకోకూడదని చట్టంలోని 123వ సెక్షన్ చెబుతోంది. పరిమితికి మించి ఎక్కించుకుంటే ఒక్కో మనిషికి 200 రూపాయల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది. రోజుకు ఎన్ని బస్సులు తిరుగుతాయో చూడకుండా ఈ జరిమానా ఒక్కటే వేస్తే వేలాడేవాళ్లు తగ్గరు, దారి మార్చుకుంటారు. అలాగని వేలాడటం తప్పు కాకుండా పోదు.

వెనక కనిపించనిది

స్టెప్నీ వెనక అద్దంలో కింది సగాన్ని కప్పేస్తుంది. డ్రైవరుకు వెనక వచ్చే లారీ కనిపిస్తుంది, బంపరు దగ్గర నిలబడ్డ పిల్లాడు కనిపించడు. ఇళ్ల మధ్యలోకి వెళ్లి వెనక్కి తిప్పుకోవాల్సిన ఊళ్లలో ఇది మామూలు మాట కాదు. 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ రివర్స్ పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేశారు. అంతకు ముందు కొన్నవి, సెన్సారు మీద బురద గడ్డకట్టినవి ఇప్పటికీ రోడ్ల మీద చాలానే ఉన్నాయి. ఆ బళ్లకు క్లీనరు దిగి వెనక నిలబడి ‘రానీ, రానీ’ అనడమే సెన్సారు. కొన్ని కంపెనీలు కెమెరాను స్టెప్నీ మధ్యలోనే పెడుతున్నాయి, జీప్ రాంగ్లర్‌లో అదే చేశారు.

వెనక్కి తీసేటప్పుడు స్తంభానికి తగిలితే, బంపరు కన్నా ముందు తగిలేది చక్రమే. ఆ దెబ్బ నేరుగా తలుపు రేకులోకి, అద్దంలోకి వెళ్తుంది. అమెరికాలో ఇన్సూరెన్స్ సంస్థలు నడిపే ప్రయోగశాల చిన్న వేగంతో చేసిన పరీక్షల్లో ఇలాంటి బళ్ల రిపేరు ఖర్చు ఎక్కువ తేలింది. టొయోటా రావ్4, హోండా సీఆర్-వీ లాంటివి ఒకప్పుడు వెనక స్టెప్నీతోనే వచ్చి, తర్వాత దాన్ని వదిలేశాయి. అవి మట్టి దారులు వదిలి ఊళ్లలోకి వచ్చేశాయి మరి.

తలుపు ఎటు తెరుచుకుంటుందన్నది కూడా చూసుకోవాలి. స్టెప్నీ ఉన్న తలుపు పైకి లేవదు, పక్కకే తిరుగుతుంది. మన దగ్గర బండి రోడ్డుకు ఎడమ పక్కన ఆగుతుంది కాబట్టి కీళ్లు కుడివైపు ఉంటే మనుషులు రోడ్డు అంచు నుంచి ఎక్కుతారు. ఎడమవైపు ఉంటే ట్రాఫిక్‌లోకి వచ్చి ఎక్కాలి. జిమ్నీకి కీళ్లు కుడివైపున ఉంటాయి. ఎత్తు మీద ముక్కు పైకి పెట్టి ఆపిన బండి తలుపు తెరిస్తే చక్రం బరువుకు అది తనంతట తానే విసురుగా తిరుగుతుంది. దాని దారిలో చిన్న పిల్లలు లేకుండా చూసుకోవాలి.

స్టెప్నీ అక్కర్లేదన్న నిబంధన కొంటాకు పనికొస్తుందా?

2020 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. టైర్లలో గాలి ఎంతుందో చెప్పే వ్యవస్థ, ట్యూబ్‌లెస్ టైరుకు పంచర్ వేసుకునే కిట్ ఉంటే, చిన్న ప్రయాణికుల వాహనాల్లో స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని చెప్పింది. బరువు తగ్గుతుంది, చోటు మిగులుతుంది, ఎలక్ట్రిక్ కారులో అక్కడ బ్యాటరీ పెట్టుకోవచ్చు. నగరానికి ఇది సబబైన లెక్కే.

కానీ ఆ కిట్ పూడ్చేది టైరు నేలను తాకే భాగంలో పడ్డ మేకు రంధ్రాన్ని. అడవి దారిలో టైరు పోయేది ఎక్కువగా అలా కాదు. నరికిన వెదురు మోడు, చెట్టు బోదె, తవ్విన గండిలో నిలబెట్టిన పదునైన రాయి టైరు పక్క గోడను కోస్తాయి. పక్క గోడ పలచగా ఉంటుంది, తిరిగే ప్రతి చుట్టుకూ వంగుతుంది. అక్కడ వేసిన అతుకు నిలవదు, వేయకూడదు కూడా. రాయికి కొట్టుకుని రిమ్ము వంకరపోతే ఏ జిగురూ పనిచేయదు. అప్పుడు కావాల్సింది ఇంకో చక్రం.

అదీ మిగతా నాలుగింటి కొలతలోనే ఉండాలి. 215/75 ఆర్15 చక్రం కిలోమీటరుకు సుమారు 452 చుట్లు తిరుగుతుంది. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే 434 చుట్లే. ఒకే ఇరుసు మీద ఒక పక్క అది, ఇంకో పక్క ఇది ఉంటే ప్రతి కిలోమీటరుకూ 18 చుట్ల తేడాను డిఫరెన్షియల్ సర్దుకోవాలి. దగ్గరి పంచర్ షాపు దాకా అయితే సర్దుకుంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి గట్టి నేల మీద నడిపితే ముందు, వెనక ఇరుసులు ఒకదాన్నొకటి లాగి గేరు పెట్టె మీద భారం పడుతుంది. కొన్ని కార్లలో ఇచ్చే సన్న స్టెప్నీ గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా కొద్ది దూరానికే పనికొస్తుంది. ఆఫ్‌రోడ్ బళ్లకు నిండు సైజు చక్రమే ఇస్తారంటే కారణం ఇదే.

ఎండకు ఎండి, గాలి పోయి

వెనక వేలాడే చక్రానికి ఉన్న శత్రువు ఎండ. గోదావరి, శబరి లోయల్లో మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ ఆ టైరు ఒకే వైపు మీద ఏళ్ల తరబడి పడుతుంది. నడవని టైరు అరగదు, కానీ రబ్బరు ఎండి సన్నటి పగుళ్లు పడతాయి. గాడులు కొత్తవిలానే కనిపిస్తాయి కాబట్టి యజమాని మోసపోతాడు.

టైరు పక్కన అంకెల్లో దాని పుట్టిన తేదీ ఉంటుంది. చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే, 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. చూడటానికి ఎలా ఉన్నా పదేళ్లు దాటిన టైరును, అది స్టెప్నీ అయినా సరే, తీసేయమని టైరు కంపెనీలు చెబుతాయి. అయిదు టైర్లనూ వరుసగా మార్చుకుంటూ వాడితే ఆ బాధ ఉండదు. స్టెప్నీ కూడా రోడ్డు మీదికి వస్తుంది, అన్నీ ఒకేలా అరుగుతాయి. చాలామంది అలా చేయరు. నాలుగూ అరిగాక స్టెప్నీని కొత్త టైరుగా లెక్కేసి మూడే కొంటారు, అప్పటికి అది ఆరేళ్ల పాతది.

కవరు వేస్తే ఎండ ఆగుతుంది. కవరు మీద దేవుడి బొమ్మ, పార్టీ గుర్తు, పిల్లల పేర్లు ఏవైనా వేయించుకోవచ్చు. కాకపోతే కవరు లోపల వాన నీరు నిలిచి రిమ్ము తుప్పెక్కకుండా అడుగున ఒక రంధ్రం ఉండాలి. గాలి మామూలు టైరు కన్నా నాలుగైదు పాయింట్లు ఎక్కువ పెట్టించుకోవాలని మెకానిక్కులు చెప్పేదాంట్లో అర్థం ఉంది. దారిలో గాలి తీయడం ఎవరైనా చేయగలరు, నింపడం కుదరదు.

మార్చేటప్పుడు తెలియక జరిగే పొరపాట్లు ఎక్కువగా జాకీ దగ్గరే ఉంటాయి. మెత్తటి నేలలో జాకీ దిగబడుతుంది, కింద ఒక చెక్క పెట్టాలి. నట్లను బండి ఎత్తకముందే ఒక చుట్టు వదులు చేసుకోవాలి. అవతలి మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. దించిన స్టెప్నీని పక్కన పారేయకుండా చాసిస్ కింద పడుకోబెడితే, జాకీ జారినా బండి మనిషి మీద పడదు. ఎక్కించాక నట్లను ఎదురెదురుగా బిగించి, యాభై అరవై కిలోమీటర్లు పోయాక మళ్లీ ఒకసారి బిగించాలి.

వానాకాలంలో కొంటాకు ఇంకో సమస్య ఉంది. గోదావరి పొంగితే శబరి వెనక్కి తంతుంది, హైవే మునుగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కొంటా వైపు కూడా నీళ్లు నిలిచాయి. పోలవరం నిండితే ఈ ప్రాంతం పరిస్థితి ఏమిటన్న వాదన ఛత్తీస్‌గఢ్ చాలాకాలంగా వినిపిస్తూనే ఉంది. నీళ్లు తగ్గాక రోడ్డు మీద మిగిలేవి గుంతలు, తేలివచ్చిన మొద్దులు, కోసుకుపోయిన అంచులు. పంచర్ షాపులకు గిరాకీ పెరిగేది అప్పుడే.

ఆ షాపులో ఇచ్చిన టైరు సాయంత్రానికి గానీ రాదని తెలిసినా చాలామంది ఖాళీ స్టాండుతోనే బయల్దేరతారు. రోగిని మంచం మీద మోసుకొచ్చి రోడ్డు దగ్గర ఎదురుచూస్తున్నవాళ్లు ఫోన్ చేస్తే, టైరు వచ్చేదాకా ఆగమని డ్రైవరు చెప్పలేడు. అప్పుడు ఆ ఊరికి వెళ్లి వచ్చేదాకా బండికి ఉన్నవి నాలుగు చక్రాలే.